బండికి తగిన ఎడ్లు

ఒక చిక్కు ప్రశ్న వేస్తాను, చెప్పుకోండి చూద్దాం.

తిరునాళ్ళకో, పెళ్ళికో పొడుగాటి కర్రకు కట్టే గొట్టాల మైకు మీరంతా ఎరిగినదే. మా మెట్ట ప్రాంతంలో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో అలాంటి మైకు పెడితే, ఎక్కడో పత్తిచేలో ఉన్న మనిషికి కూడా పాట వినిపించేది. దాని వెనక ఉండే పాతకాలపు ఆంప్లిఫయరు ఏపాటిదయ్యా అంటే, పాతిక వాట్లదో ముప్ఫై వాట్లదో. అదే పాతిక వాట్లను తెచ్చి, మీ అబ్బాయి ముచ్చటపడి కొన్న చిన్న స్టీరియో పెట్టెలకు తగిలించండి. ముందుగదిలో బాగానే ఉన్నట్టుంటుంది. వంటింట్లోకి వెళ్ళేసరికి పాట పలచబడిపోతుంది. పోనీ అని మీట ఇంకాస్త తిప్పితే, గాయకుడి గొంతు బొంగురుపోతుంది.

ఊరికి సరిపోయిన వాట్లు గదికి ఎందుకు చాలలేదు?

నందిగామలో చాలాకాలం పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి గనక, చుట్టుపక్కల ఎవరింట్లో పాటల పెట్టె కొనాలన్నా “మేష్టారూ, ఎన్ని వాట్లది తీసుకోమంటారు?” అని అడగటం పరిపాటి అయిపోయింది. “మీ స్పీకర్లు ఎలాంటివి?” అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. చాలామంది తెల్లబోతారు. ఎడ్లను బేరమాడేవాడు తన బండి బరువెంతో, దారి ఎలాంటిదో ముందు చూసుకోడూ? ఇక్కడా అంతే. ఆంప్లిఫయరు ఎడ్లజత, స్పీకరు బండి, మీరు కూర్చునే చోటుకు ఉన్న దూరం దారి. బండిని చూడకుండా ఎడ్లను కొంటే, అయితే డబ్బు దండగ, కాకపోతే బండి ఇరుసు విరగటం.

పెట్టె తినేదెంత, పాడేదెంత?

స్పీకరు చేసే పని ఒక్కటే: కరెంటును కదలికగా మార్చి గాలిని ఊపటం. అయస్కాంతం నడుమ ఒక తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ పద్ధతిని లోకానికి వివరించారు. నేటికీ మన ఇళ్ళలో స్పీకర్లు ఎక్కువభాగం ఆ బాటనే నడుస్తున్నాయి.

కాని ఈ పనిలో స్పీకరంత దుబారా మనిషి మరొకడు లేడు. మామూలు చిన్న పెట్టెకు మీరు పంపిన కరెంటులో ధ్వనిగా బయటికి వచ్చేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగిలినదంతా ఆ తీగచుట్టలో వేడిగా పోతుంది. ఈ దుబారా అన్ని స్పీకర్లలోనూ ఒకటిగా ఉండదు. అందుకే దానికొక కొలత పెట్టారు. స్పీకరుకు ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వినిపిస్తుందో కొలుస్తారు. దాన్నే సెన్సిటివిటీ అంటారు. స్పీకరుతో వచ్చే కాగితం మీద చిన్న అక్షరాలతో ఉంటుంది. పెట్టెమీది పెద్ద అక్షరాలు చదివి మనం దాన్ని వదిలేస్తాం.

డెసిబెల్లు అనగానే బెదరకండి. మూడు లెక్కలు గుర్తుంటే చాలు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్లు. వాట్లు పదిరెట్లయితే 10 డెసిబెల్లు. ఆ పది పెరిగినప్పుడే మన చెవికి “ఆఁ, ఇప్పుడు రెండింతలయింది” అనిపిస్తుంది. అంటే 50 వాట్లది తీసేసి 100 వాట్లది తెచ్చినవాడికి దక్కేది, జాగ్రత్తగా వింటేగాని తెలియనంత తేడా మాత్రమే!

ఇప్పుడు చిక్కు ప్రశ్న విప్పుకుందాం. గొట్టపు మైకుకు ఒక వాటు ఇస్తే, ఒక మీటరులో 106 డెసిబెల్లు పలుకుతుందనుకోండి. ఆ గొట్టం ధ్వనిని నలుదిక్కులా చిందించకుండా ఒక దిక్కుకు పోగుచేసి పంపుతుంది. పైగా గాలిని పట్టు జారకుండా తోస్తుంది. పుస్తకాల బీరువాలో పట్టే చిన్న పెట్టె 84 డెసిబెల్లు పలుకుతుంది. తేడా 22 డెసిబెల్లు. చూడటానికి చిన్న అంకె. వాట్లలోకి మారిస్తే దాదాపు 160 రెట్లు! గొట్టం పాతిక వాట్లతో చేసే పనిని ఆ చిన్న పెట్టె చెయ్యాలంటే నాలుగువేల వాట్లు కావాలన్నమాట. ఇస్తే పాడదు, కాలిపోతుంది.

పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత స్పీకర్ల లోకంలో చెల్లదు. ఇక్కడ పెట్టె కొంచెం, ఆకలి ఘనం.

ఆకలి ఎక్కడినుంచి వచ్చింది?

ఆ గొట్టాన్నే ఇంట్లో పెట్టుకుంటే పోలేదా అంటారేమో! పోదు. గొట్టానికి గొంతే తప్ప కడుపు లేదు. మృదంగంలో ఎడమచేతి గుంభనం, తంబురా మంద్రం దానిలో పలకవు.

మన పెద్దల కాలపు వాల్వు రేడియోలు చూడండి. చివరి వాల్వు ఇచ్చేది నాలుగయిదు వాట్లు. అయినా వీధి అరుగుమీద కూర్చున్నవాళ్ళకు వార్తలు వినిపించేవి. వాటిలోని స్పీకరుకు తేలికపాటి కాగితపు గరాటు, చుట్టూ వెడల్పాటి చెక్కపెట్టె, వెనక తెరిపి. తేలిక గనక కొద్ది కరెంటుకే ఊగేది. అంత మంచి మంద్రమూ ఉండేది కాదు, దాన్ని ఎవరూ అడిగేవారూ కాదు.

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే అధ్యాపకుడు, ఆయన శిష్యుడు హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, ఒక కొత్తరకం పెట్టె తయారుచేశారు. పెట్టెను గాలి చొరకుండా మూసేశారు. గరాటును బరువుగా, మెత్తగా కదిలేటట్టు అమర్చి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నారు. అంతకుముందు బీరువా అంత పెట్టెలో వచ్చే మంద్రం, మేజా మీద పట్టే పెట్టెలో వచ్చేసింది. లోకం ముక్కున వేలేసుకున్నది. కాని ఉచితంగా ఏదీ రాదు కదా! బరువు గరాటును ఊపటానికి ఎక్కువ వాట్లు కావలసివచ్చాయి.

ఆ క్లాస్‌తోనే 1957లో మరో కంపెనీలో భాగస్వామి అయిన హాఫ్‌మన్ దీన్నంతా ఒక సూత్రంలో పెట్టాడు. చిన్న పెట్టె, లోతైన మంద్రం, కొద్ది వాట్లకే పెద్ద పలుకు – ఈ మూడింటిలో రెండే కోరుకోవాలి, మూడోది వదులుకోవాలి. మంద్రం తగ్గకుండా పెట్టెను సగం చేస్తే పలుకు 3 డెసిబెల్లు పడిపోతుంది, అంటే రెట్టింపు వాట్లు పొయ్యాలి. పెట్టె అంతే ఉంచి మంద్రాన్ని ఒక స్థాయి కిందికి దించాలంటే ఎనిమిది రెట్లు వాట్లు కావాలి. నేటి మన ఇళ్ళు ఇరుకు; స్పీకరు అల్మారాలో పట్టాలి, సినిమాలో ఉరుములూ ఉరమాలి. మొదటి రెండూ కోరుకున్నాం గనక మూడోది వదులుకున్నాం. అది తప్పేమీ కాదు, తెలిసి వదులుకోవాలి.

జగ్గయ్యపేటలో పద్యం

ఈ లెక్కలు ఒక ముసలమ్మగారి సుఖానికి ఎలా పనికివచ్చాయో చెబుతాను.

మా చెల్లెల్ని జగ్గయ్యపేట ఇచ్చాం. బావగారి తల్లికి ఎనభై దాటాయి. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యేటప్పటికి ఆవిడ చిన్నపిల్ల. రేడియోలో నాటకాలు విని పెరిగిన మనిషి. పద్యనాటకమంటే ప్రాణం. చూపు మందగించిన తరువాత ఆవిడకు మిగిలిన కాలక్షేపం ఆ పద్యాలే. అమెరికాలో ఉన్న మనవడు నాయనమ్మ కోసమని రెండు చిన్న స్పీకర్లు పట్టుకొచ్చి పెట్టి వెళ్ళాడు. ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయరుకే తగిలించారు.

ఒకనాడు చెల్లెలు ఫోను చేసింది. “అన్నయ్యా, మీ బావగారు రెండువందల వాట్ల ఆంప్లిఫయరు కొంటానని కూర్చున్నారు. మావాడూ ఫోనులో అదే పాట. నువ్వొకసారి వచ్చి చూసి, కొనమంటే కొంటాం.”

వెళ్ళాను. నాపరాళ్ళు పరిచిన పెద్ద హాలు. స్పీకర్లు వీధిగోడ వైపు. పెద్దావిడ మంచం పెరటి గుమ్మం దగ్గర, సుమారు 20 అడుగుల దూరాన. బావగారు పద్యం పెట్టి, మీట చివరిదాకా తిప్పారు. హాలు దద్దరిల్లింది.

“వినిపిస్తున్నదా అత్తయ్యగారూ?” అన్నాను.

“చప్పుడు వినిపిస్తున్నది నాయనా, మాట వినిపించటం లేదు. చెవులు పోయినాయి కాబోలు” అన్నదావిడ.

ఆ మాటకు బావగారి ముఖం చిన్నబోయింది. “చూశారా బావగారూ! అందుకే పెద్దది కొందామంటున్నాను. పోతే డబ్బే గదా” అన్నారు.

మీట తగ్గించి, స్పీకర్ల దగ్గర చెవి పెట్టి చూశాను. కింద ఉన్న పెద్ద గరాటు పాడుతున్నది. పైన ఉండే చిన్న బుడిపె, ట్వీటరు అంటారే, అది రెండు పెట్టెల్లోనూ మూగబోయి ఉన్నది. శ, స, త, ప వంటి అక్షరాలకు పదును ఇచ్చేది అదే. వయసుతోపాటు చెవికి ముందుగా తగ్గేవీ ఆ సన్నని ధ్వనులే. ఆవిడ చెవి అడిగేది దేన్నో, సరిగ్గా అదే లేకుండాపోయింది. ఇంక రెండువందలు కాదు, రెండువేల వాట్లు పెట్టినా చప్పుడు పెరుగుతుందిగాని మాట రాదు.

కూపీ తియ్యగా తేలిందేమంటే, క్రితం నెల మనవరాలి ఓణీల వేడుకకు కుర్రకారు చేరి, సాయంత్రమంతా మీట చివరిదాకా తిప్పి ఉంచారట.

మైకు సెట్లు బాగుచేసే ఒక కుర్రవాణ్ణి పిలిపిస్తే, చూసి తలగోక్కున్నాడు. “ఇదేం విడ్డూరమండీ మేష్టారూ! స్పీకరు మీద వంద వాట్లని ఉన్నది. ఈ ఆంప్లిఫయరు ఆపాటిది కాదు. చిన్నది పెద్దదాన్ని ఎలా కాల్చిందండీ?”

చాలామందికి ఉండే సందేహమే ఇది. కుంచం నిండిన తరువాత ఎంత పోసినా పైగింజలు నిలవవు, రాలిపోతాయి. ఆంప్లిఫయరు కూడా తన శక్తి మించి అడిగితే, పాటలోని శిఖరాలను కోసేసి, చదునుచేసి పంపుతుంది. గొంతు బొంగురుపోవటం దానివల్లనే. శిఖరాలు పెరగవు, కాని మీట తిప్పుతున్నకొద్దీ చిన్న ధ్వనులు పెరుగుతూనే ఉంటాయి. సగటున స్పీకరుకు అందే వేడి ఎక్కువవుతుంది. పూర్తిగా చదునైతే 15 వాట్ల ఆంప్లిఫయరు నుంచి 30 వాట్లదాకా రావచ్చు. దానిలో సన్నని ధ్వనుల వాటాయే ట్వీటరుకు చేరుతుంది. స్పీకరు మీది వంద వాట్లు మామూలు పాటకు వేసిన లెక్క. అందులో ట్వీటరు వంతు కొద్దివాట్లు మాత్రమే. గంటలకొద్దీ అలా కాలిస్తే వెంట్రుకవాసి తీగ ఎలా బతుకుతుంది?

మంచం జరిపితే ఎన్ని వాట్లు?

ట్వీటర్లు సరైనవి తెప్పించి వేయించాం. ఇక ఆంప్లిఫయరు మాట.

కాగితం తీసుకుని బావగారి ఎదుటే లెక్క వేశాను. మీరూ మీ ఇంటికి వేసుకోవచ్చు. ఆ స్పీకర్ల సెన్సిటివిటీ 84. దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెల్లు తీసెయ్యాలి. ఒక మీటరు నుంచి మూడు మీటర్లకు, అంటే పది అడుగులకు, తొమ్మిదిన్నర పోతుంది. స్పీకర్లు రెండు గనక 3 కలపాలి. గోడలు తిరిగి పంపే ధ్వనికి ఇంకో 3 కలుపుకోవచ్చు. అంటే ఒక్కొక్క స్పీకరుకు ఒక్కొక్క వాటు ఇస్తే, పది అడుగుల దూరంలో 80 డెసిబెల్లు. ఇంట్లో పాట వినటానికి ఇది కాస్త గట్టి మోతాదే.

“మరి ఒక్క వాటు చాలుననేగా దీని అర్థం?” అన్నారు బావగారు.

సగటుకు చాలును, శిఖరాలకు చాలదు. పద్యం ఎత్తుకున్నవాడు ఒకేస్థాయిలో పాడడు. రాగం తీసి, గొంతు పైకెత్తి ఒక్క చరుపు చరిచాడంటే, సగటుకన్న 15, 17 డెసిబెల్లు పైకి పోతాడు. కచేరీలో మృదంగం దెబ్బ 20 దాకా పోవచ్చు. నేటి సినిమా పాటలను ముందే అణిచి, చదునుచేసి రికార్డు చేస్తారు గనక వాటికి 10, 12 చాలు. కాబట్టి ఆ స్పీకర్లకు పది అడుగుల దూరంలో సినిమా పాటలకు 15 వాట్లు, పద్యాలకు 50, నిండు కచేరీకి 100 కావాలి. ఈ వాట్లు నిత్యం ఖర్చయ్యేవి కావు. పెళ్ళికి దాచిన ధాన్యంలాగా, అవసరమైన క్షణానికి నిలవ ఉండవలసినవి.

ఇక మంచం 20 అడుగుల దూరాన ఉన్నది. దూరం రెట్టింపు, 6 డెసిబెల్లు తరుగు. 6 డెసిబెల్లంటే వాట్లు నాలుగురెట్లు. 50కి నాలుగురెట్లు 200. మేనల్లుడు ఫోనులో చెప్పిన అంకె అదే! కుర్రవాడి లెక్క తప్పు కాదు. అతడు మంచం కదలదనుకున్నాడు, అంతే.

నలుగురం పట్టుకుని మంచాన్ని పది అడుగులు ముందుకు జరిపాం. స్పీకర్లను ఆవిడ చెవి ఎత్తుకు వచ్చేటట్టు బల్లలమీద పెట్టి, కొంచెం ఆవిడ వైపు తిప్పాం. గోడలు తిరగగొట్టే ధ్వని ఉన్నది గనక హాలులో ఈ లాభం పూర్తిగా ఆరు ఉండదు. నాలుగో అయిదో దక్కుతుంది. కాని దీనిలో మరో గుణం ఉన్నది. దూరాన ఉంటే గోడలనుంచి, నేలనుంచి తిరిగివచ్చే ధ్వని పెరిగి, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోతాయి. దగ్గరైతే స్పీకరు ధ్వనే ముందుగా, సూటిగా వచ్చి మాట తేటపడుతుంది. నాపరాళ్ళ మీద ఒక మందపాటి జంపఖానా పరిచి, పెరటి గుమ్మానికి తెర వేస్తే ఇంకా మెరుగైంది. ఈ తేటదనం ఎన్ని వాట్లు పోసినా అంగట్లో దొరకదు.

నిజమైన 50 వాట్ల ఆంప్లిఫయరు తెచ్చాం. ఆ సాయంత్రం పద్యం పెడితే, పెద్దావిడ కాసేపు ఊరుకుని, తరువాత తానూ సన్నగా అందుకున్నది. రెండో చరణంలో గాయకుడు మింగేసిన అక్షరాన్ని కూడా పట్టుకుని, “తప్పు పాడాడర్రా!” అన్నది. చెవులు పోలేదని ఇంటిల్లపాదికీ తెలిసిపోయింది.

కొనేచోట కళ్ళు తెరిచి ఉంచండి

నిజమైన 50 వాట్లు అన్నాను. అబద్ధపు వాట్లు కూడా ఉంటాయా అంటే, బోలెడున్నాయి. బావగారి పాత ఆంప్లిఫయరు ముందుభాగాన బంగారు అక్షరాలతో వెయ్యి వాట్లని ఉన్నది. వెనక్కి తిప్పి చూస్తే, అది గోడనుంచి తీసుకునే కరెంటు 50 వాట్లని ముద్రించి ఉన్నది! యాభై తిని వెయ్యి కక్కే యంత్రం ఈ సృష్టిలో లేదు. దానిలో కొంత వేడికి పోగా, రెండు వైపులకూ పదిహేనేసి వాట్లు వస్తే గొప్ప. పీ.ఎం.పీ.ఓ. అనే నాలుగు చుక్కల బిరుదు కనబడితే ఆ అంకెను మరిచిపోండి. ఆర్.ఎం.ఎస్. వాట్లు, ఎన్ని ఓములకు, ఒక్కొక్క వైపు ఎంత అని అడగండి. ఈ గారడీ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో కూడా ఇలాంటి ప్రకటనలు మితిమీరితే, 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయరు వాట్లను ఎలా కొలిచి చెప్పాలో నియమం పెట్టవలసివచ్చింది.

రెండో సంగతి. స్పీకరు మీద ఉండే వాట్లు అది పాడేవి కావు, అది భరించేవి. “రెండువందల వాట్ల స్పీకరు” కొన్నంతమాత్రాన పలుకు పెద్దదయిపోదు. బండి ఎన్ని బస్తాలు మోస్తుందో చెప్పే అంకె వేరు, ఎంత తేలికగా కదులుతుందో చెప్పే అంకె వేరు. రెండోది సెన్సిటివిటీయే.

మూడో సంగతి, కొంచెం సూక్ష్మం. కొన్ని కంపెనీలు ఒక వాటు అని కాక, 2.83 వోల్టులు ఇచ్చి కొలిచామని రాస్తాయి. 8 ఓముల స్పీకరుకు అది సరిగ్గా ఒక వాటే. 4 ఓముల స్పీకరుకు మాత్రం రెండు వాట్లు. కాబట్టి 4 ఓముల పెట్టెకు 2.83 వోల్టులతో 87 అని రాసి ఉంటే, మీ లెక్కలో 84 అనే వేసుకోండి. పైగా 4 ఓములను భరించగలనని ఆంప్లిఫయరు వెనక రాసి ఉన్నదో లేదో చూసుకోండి.

నాలుగోది మా పల్లెటూళ్ళవారి బాధ – వోల్టేజి. ఎండాకాలపు సాయంత్రం 230 ఉండవలసింది 200కు దిగిందంటే, ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే మామూలు ఆంప్లిఫయరులో వాట్లు నాలుగో వంతు పడిపోతాయి. వింటే భయం వేస్తుందిగాని, చెవికి అది డెసిబెల్లు ఒకటీ ఒకటింబావు, కనిపెట్టటమే కష్టం. దానికోసం ఎక్కువ వాట్లు కొననక్కరలేదు.

మరీ పెద్దది కొంటేనో?

పెద్ద ఆంప్లిఫయరు ఉన్నంతలో స్పీకరు కాలదు. చెయ్యి మితంలో ఉంటే సరి. 50 వాట్లు కావలసినచోట 100 ఉంటే నిలవ కింద పడి ఉంటుంది. అలాగని బొంగురు లేదుకదా అని మీట తిప్పుతూ పోతే ముందు తెలియదు, కాలాకనే తెలుస్తుంది.

కాలేది స్పీకరే అయితే మళ్ళీ కొనుక్కోవచ్చు. చెవి దొరకదు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్లు దాటవద్దని వైద్యశాస్త్రం తెలిసినవారు హద్దు పెట్టారు. ఆపైన 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా కాలాన్ని సగం చెయ్యమన్నారు. ఆ లెక్కన 100 డెసిబెల్ల దగ్గర పావుగంటే గడువు. పొరుగువారి చెవులూ మన చెవుల్లాంటివే. 2000లో వచ్చిన కేంద్రప్రభుత్వ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55 డెసిబెల్లు, రాత్రి పదింటినుంచి ఉదయం ఆరింటిదాకా 45.

కాబట్టి అంగడికి బయలుదేరేముందు వరుస తప్పకండి. మొదట స్పీకరు కాగితంలో సెన్సిటివిటీ చూడండి. తరువాత టేపు పెట్టి, మీ కుర్చీకీ స్పీకరుకూ ఎంత దూరమో కొలవండి. ఆపైన మీ ఇంట్లో వినేది సినిమా పాటలా, పద్యాలా, కచేరీలా అని చూసుకోండి. పది అడుగుల దూరాన నిండు కచేరీ వినాలంటే 84 స్పీకరుకు 100 వాట్లు, 87కు 50, 90కి 25, 93కు 12 – ఈ నాలుగు అంకెలూ ఒక చీటీమీద రాసి జేబులో వేసుకోండి. పద్యాలకు దానిలో సగం, సినిమా పాటలకు ఆరో వంతు చాలు. కుర్చీ ఇరవై అడుగుల్లో ఉంటే నాలుగురెట్లు చెయ్యండి.

చెయ్యబోయేముందు మాత్రం, కుర్చీ ముందుకు జరుగుతుందేమో ఒకసారి చూడండి.